మట్టి పలకల కథ – 9వ భాగం: నీడను చదివే యంత్రాలు

మొన్న వినాయక చవితికి ప్రతిమ చేయగా ఇంట్లో గుప్పెడు బంకమట్టి మిగిలింది. దాన్ని తడిగుడ్డలో చుట్టి ఉంచి, మర్నాడు అరచేతిలో ఇమిడే పలకలా అదిమాను. వెదురు పుల్ల కొసను చాకుతో నలుచదరంగా చెక్కి, దాని మూలను మట్టిలో కాస్త వాలుగా నొక్కి తీశాను. గీయలేదు, నొక్కానంతే. ఒక చివర త్రికోణం తల, లోతుగా. అక్కడినుంచి సన్నబడుతూ పోయే తోక. అచ్చం మేకు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, ఏటవాలుగా ఇంకొకటి. పుల్ల వాల్చకుండా మూల మాత్రం గుచ్చితే తోక లేని చిన్న గుంట. క్యూనిఫారం లిపి మొత్తం ఈ మూడు నాలుగు నొక్కుళ్లతోనే తయారైంది.

అసలు సంగతి మట్టి ఆరాక తెలిసింది. ట్యూబులైటు కింద పెట్టి చూస్తే నేను నొక్కిన గుర్తులు నాకే సరిగా కనపడలేదు. అంతా ఒకటే బూడిదరంగు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఎడమ పక్కనుంచి ఎండ పడేలా వంచాను. నిలువు మేకులన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. అడ్డం మేకులకు తలలు తప్ప తోకలు లేవు. పలకను పావు వంతు తిప్పాను. ఇప్పుడు అడ్డంవి తేలాయి, నిలువువి మునిగిపోయాయి. వెలుగు కింది వైపునుంచి వచ్చేలా పట్టుకుంటే మరీ విచిత్రం: గుంటలన్నీ బొడిపెల్లా ఉబ్బినట్టు కనిపించాయి. కన్ను మోసపోయింది.

తాటాకు మీద గంటంతో రాసి మసి పూస్తే అక్షరం నల్లగా నిలుస్తుంది. కాగితం మీద సిరా ఉంటుంది. ఈ మట్టి పలక మీద సిరా లేదు, మసి లేదు. అక్షరం ఒక గుంట. మనం చదివేది ఆ గుంటలో పడ్డ నీడని. క్రీస్తుకు పూర్వం 3200 ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్‌ నగరంలో లెక్కలు రాసిన గుమాస్తా మొదలు, క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రహాల లెక్కలు రాసిన చివరి పండితుడి దాకా ఈ లిపి చదివినవాళ్లంతా పలకను చేతిలో వెలుగుకేసి తిప్పుకుంటూనే చదివారు. కంప్యూటరుకు ఈ లిపి నేర్పబోయినవాళ్లకు ఎదురైన మొదటి చిక్కు కూడా ఇదే. యంత్రానికి చెయ్యి లేదు, కిటికీ లేదు.

ఇక్కడ మాట గురించి ఒక మాట. ఇరాన్‌లో ఈ లిపిని ‘మీఖీ’ అంటారు, మేకు రాత అని. మన ‘మేకు’ కూడా ఆ పారసీక పదమే, ఉర్దూ మీదుగా మన వడ్రంగుల నోటికి వచ్చింది. అందుకే ఈ వ్యాసాల్లో పరాయి పేర్లు వెతక్కుండా మేకు అనే రాస్తున్నాను.

పోయిన భాగం 1857 నాటి పరీక్ష దగ్గర ఆపాం. అస్సీరియా రాజు తిగ్లత్-పిలేసర్ శాసనాన్ని రాలిన్సన్, హింక్స్, ఓపెర్, టాల్బట్ విడివిడిగా అనువదించారు. సీలు వేసిన ఆ అనువాదాలను లండన్‌లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ నియమించిన కమిటీ విప్పి పోల్చి చూసింది. ముఖ్యమైన చోట్ల నాలుగూ కలిశాయి. ఈ లిపిని చదవగలుగుతున్నామని లోకం నమ్మింది అప్పుడే. ఆ నలుగురిలో టాల్బట్ గురించి అప్పుడు ఎక్కువ చెప్పలేదు, ఈ భాగం కోసం దాచాను.

విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్‌ను లోకం గుర్తుపెట్టుకున్నది లిపి పండితుడిగా కాదు, ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడిగా. 1839 జనవరిలో రాయల్ సొసైటీకి తన ప్రయోగాలను వివరించినప్పుడు, పారిపోయే నీడను కాగితం మీద నిలబెట్టే విద్యగా దాన్ని వర్ణించాడు. అదే మనిషి ఆ తర్వాతి ఏళ్లలో నీడలతో మాత్రమే కనిపించే లిపి మీద మనసు పారేసుకున్నాడు. 1850ల తొలి ఏళ్లలోనే బ్రిటిష్ మ్యూజియం రోజర్ ఫెంటన్‌ను ఫొటోగ్రాఫరుగా పెట్టుకుంది. ఆయన మొదట్లో ఫొటోలు తీసినవాటిలో అస్సీరియా మట్టి పలకలు ఉన్నాయి. అంటే ఫొటోగ్రఫీకి పాతికేళ్లు నిండకముందే కెమెరా ఈ మట్టి ముందు నిలబడింది.

నిలబడింది గాని గెలవలేదు. ఫొటోలో వెలుగు ఒక్క వైపునుంచే పడుతుంది. ఎటునుంచి పడితే అటు వాలిన మేకులు మునిగిపోతాయి. ఎడమ పై మూలనుంచి వెలుగు వేస్తే అడ్డం, నిలువు రెండూ కొంతకొంత తేలతాయి కాబట్టి అదే ఆనవాయితీ అయింది. అప్పుడు ఆ దిక్కుకే వాలిన ఏటవాలు మేకులు అన్యాయమైపోతాయి. పైగా పలక బల్లపరుపుగా ఉండదు, బిస్కెట్టులా కాక బన్ను రొట్టెలా మధ్యలో ఉబ్బి ఉంటుంది. చోటు చాలకపోతే రాయసగాడు వాక్యాన్ని కుడి అంచు మీదుగా వెనక్కి నడిపించేవాడు. అంచు మీదా, అడుగునా, పక్కనా రాసేవాడు. ఎదురుగా తీసిన ఫొటోలో ఆ వాక్యాల తోకలు తెగిపోతాయి.

అందుకే నూట డెబ్భై ఏళ్లుగా ఈ రంగంలో అసలు పనిముట్టు పెన్సిలే. పండితుడు ఎడమ చేత్తో పలక పట్టుకుని దీపం కింద తిప్పుతూ, కుడి చేత్తో ప్రతి మేకునూ కాగితం మీద గీసుకుంటాడు. ఒక్క పలకకు రోజులు పడుతుంది. అరిగిపోయినచోట వారాలు. పైగా చేత్తో గీసిన నకలు ఫొటో కాదు. గీసినవాడు చూశాననుకున్నది అందులో ఉంటుంది. మన శాసన పరిశోధకులు రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు చూడండి, అందులో మనిషి అభిప్రాయం చొరబడే సందు తక్కువ. వేలెడంత మట్టి పలక మీద ఆ పని కుదరదు, తడి తగిలితే పలకే కరుగుతుంది.

బ్రిటిష్ మ్యూజియం ఒక్కదాంట్లోనే లక్షా 30 వేల దాకా పలకలు, ముక్కలు ఉన్నాయి. ప్రపంచంలోని మ్యూజియాలన్నీ కలిపితే సుమారు 5 లక్షలు అని అంచనా. ధారాళంగా చదవగలవాళ్లు కొన్ని వందల మంది. చాలా పలకలు తవ్వి తీసిన నాటినుంచి ఎవరూ చదవకుండా సొరుగుల్లో ఉన్నాయి. ఈ లెక్క గుర్తుంచుకుంటే, ఆ తర్వాత జరిగిందంతా ఎందుకు జరిగిందో తెలుస్తుంది.

తొలి ప్రయత్నం చాలా సాదాసీదాగా మొదలైంది. లాస్ ఏంజెలిస్‌లో ప్రొఫెసర్ రాబర్ట్ ఎంగ్లండ్, బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థతో కలిసి క్యూనిఫారం డిజిటల్ లైబ్రరీ ఇనిషియేటివ్ అనే పథకం మొదలుపెట్టారు. పలకలను ఫొటో తీయలేదు. ఆఫీసుల్లో కాగితాలు పెట్టే మామూలు స్కానరు అద్దం మీదే పెట్టారు. ముందు, వెనుక, నాలుగు అంచులు, మొత్తం ఆరు బొమ్మలు. వాటిని విప్పిన అగ్గిపెట్టెలా శిలువ ఆకారంలో అతికిస్తే పలక మొత్తం ఒక్క చూపులో కనపడుతుంది. స్కానరు దీపం పక్కవాటుగా జరుగుతుంది గనక కాస్త నీడ కూడా పడుతుంది. ఆ పథకం పట్టికలో ఇప్పుడు 3 లక్షలకు పైగా పలకల వివరాలున్నాయి. ఎంగ్లండ్ 2020లో పోయారు. ఈ రంగంలో ఎవరు ఏ యంత్రం కట్టినా, మొదట తవ్వేది ఆయన పోగుచేసిన ఈ రాశినే.

వెలుగును తిప్పే విద్య మాత్రం 2001లో, ప్రింటర్లు తయారుచేసే హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ప్రయోగశాలలో పుట్టింది. టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు ఒక ఉపాయం కనిపెట్టారు. కెమెరా కదలదు, పలక కదలదు. ఒక్కో దిక్కునుంచి ఒక్కో దీపం వెలిగించి పదుల కొద్దీ ఫొటోలు తీస్తారు. వెలుగు దిక్కు మారితే ప్రతి చుక్కా ఎంత మెరుస్తుందో, ఎంత నల్లబడుతుందో కంప్యూటరు లెక్కగట్టి పెట్టుకుంటుంది. ఆ తర్వాత తెర మీద మౌసు జరిపితే దీపం జరిగినట్టే. ఏ దిక్కునుంచి కావాలంటే ఆ దిక్కునుంచి వెలుగు వేసుకుని చూడొచ్చు. ఆ పద్ధతిని లోకానికి చూపించడానికి వాళ్లు ఎంచుకున్న వస్తువుల్లో ఒకటి సుమేరు మట్టి పలక. బెల్జియంలోని లోవేన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని మోసుకెళ్లే గోపురంగా మలిచారు. బోర్లించిన గిన్నె లోపలివైపు 260 చిన్న ఎల్ఈడీ దీపాలు, పైన కన్నంలో కెమెరా, కింద పలక. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి టకటకా వెలిగి ఆరిపోతాయి. నేను కిటికీ దగ్గర నాలుగుసార్లు తిప్పి చూసింది ఆ గోపురం కొద్ది నిమిషాల్లో 260 సార్లు చూస్తుంది.

ఇంకో దారి జర్మనీ వాళ్లది. నీడను పట్టుకోవడం ఎందుకు, గుంటనే కొలిస్తే పోలేదా అన్నారు వాళ్లు. పలక మీద వెలుగు చారలు వేస్తారు. బల్లపరుపు మీద చార తిన్నగా పడుతుంది, గుంటలో వంగుతుంది. ఆ వంపును కెమెరాలు పట్టుకుని లోతు లెక్కగడతాయి. అలా పలక మొత్తం కోట్ల చుక్కల నమూనాగా కంప్యూటరులోకి వస్తుంది. ఆ నమూనాలో అక్షరాన్ని విడదీయడానికి హైడెల్‌బర్గ్‌లో హ్యూబర్ట్ మారా వాడిన లెక్క నాకు చాలా ఇష్టం, గణితం రాకపోయినా అర్థమవుతుంది. పలక ఉపరితలం మీద ప్రతి చుక్క దగ్గరా ఒక చిన్న గోళాన్ని, ఆవగింజంతదనుకోండి, సగం మునిగేలా ఊహించుకోవాలి. ఆ గోళంలో ఎంత భాగం మట్టి, ఎంత భాగం గాలి? చదునైనచోట సగం సగం. గుంట అడుగున అయితే చుట్టూ గోడలు కాబట్టి మట్టి సగం కంటే ఎక్కువ. గట్టు మీద అయితే తక్కువ. గోళాన్ని చిన్నది పెద్దది చేస్తూ ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేసి, మట్టి ఎక్కువున్న చుక్కలకు ముదురు రంగు వేస్తే మేకులన్నీ సిరాతో రాసినట్టు తేలతాయి. దీపం లేదు, నీడ లేదు, అయినా అక్షరం కనపడుతుంది. ఆ సాఫ్ట్‌వేరుకు గిగామెష్ అని పేరు పెట్టారు, ప్రాచీన కావ్య నాయకుడు గిల్గమేష్ మహారాజును తలుచుకుంటూ. యేనా నగరంలోని హిల్‌ప్రెక్ట్ సేకరణలో నిప్పూరు తవ్వకాల పలకలున్నాయి. వాటిలో సుమారు 2 వేల పలకల నమూనాలను 2019లో అందరికీ అందుబాటులో పెట్టారు.

లోతు తెలిస్తే ఇంకో లాభం ఉంది. ఏ మేకు మీద ఏ మేకు పడిందో కనపడుతుంది, అంటే రాయసగాడి చెయ్యి ఏ వరుసలో కదిలిందో తెలుస్తుంది. మన పంతుళ్లు ‘అ’ ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో పిల్లల వేలు పట్టుకుని దిద్దించేవారు కదా. నాలుగు వేల ఏళ్ల నాటి పంతులు దిద్దించిన వరుస మట్టిలో అలాగే ఉంది.

ఇంతదాకా చూడటం గురించి. గుర్తుపట్టడం వేరే సంగతి.

పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి యంత్రంతో అక్షరాలుగా మార్పించబోయిన అనుభవం నాకుంది. తలకట్టు చెరిగితే చాలు, వ కాస్తా ప అవుతుంది. వత్తు కిందికి జారితే అది కింది పంక్తి అక్షరమనుకుంటుంది. గుణింతాలూ వత్తులూ కలిసి వేల రూపాలయ్యే మన లిపే యంత్రాన్ని ఇంత ఏడిపిస్తుంటే, క్యూనిఫారం సంగతి ఊహించుకోండి. గుర్తులు 900 దాకా ఉన్నాయి. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. పక్క గుర్తు మేకు తోక ఈ గుర్తు తల మీదికి వస్తుంది. మూడు వేల ఏళ్లలో గుర్తుల రూపం ఎన్నోసార్లు మారింది. పలకేమో పగిలి ఉంటుంది.

అంతకంటే పెద్ద చిక్కు, గుర్తు దొరికినా శబ్దం దొరకదు. మొదట్లో నక్షత్రం బొమ్మగా ఉండి తర్వాత మేకులుగా మారిన గుర్తు ఒకటుంది. సుమేరు భాషలో దాన్ని ‘అన్’ అని చదివితే ఆకాశం, ‘దింగిర్’ అని చదివితే దేవుడు. దేవుడి పేరుకు ముందు వస్తే అసలు పలకరు, రాబోయేది దేవుడి పేరని చెప్పడానికి మాత్రమే ఉంటుంది. అక్కాద్ భాషవాళ్లు అదే గుర్తును అరువు తెచ్చుకుని ‘అన్’ అనే శబ్దానికీ, ‘ఇల్’ అనే శబ్దానికీ వాడారు, వాళ్ల భాషలో దేవుడి మాటకూ వాడారు. మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. 5 అని రాసి ఉంటే మనం ఐదు అంటాం, చార్మినార్ దగ్గర పళ్ల బండివాడు పాంచ్ అంటాడు. అంకె ఒకటే, పలుకు వేరు. వాళ్ల లిపిలో చాలా గుర్తులు ఇలా అంకెల్లా ప్రవర్తిస్తాయి. ఏ పలుకు ఎక్కడ కుదురుతుందో చుట్టూ ఉన్న వాక్యం చెప్పాలి.

ముందుగా ఆ గుర్తులకు కంప్యూటరులో ఒక చిరునామా కావాలి. మన తెలుగు అక్షరాలకు 1991లో, యూనికోడ్ తొలి విడతలోనే చోటు దొరికింది. క్యూనిఫారంకు 2006లో గాని దొరకలేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన చర్చలు ఏళ్ల తరబడి సాగి, వెయ్యికి కాస్త తక్కువ గుర్తులు అందులోకి చేరాయి. ఏ రెండు గుర్తులు నిజంగా ఒకటే, ఏవి వేరు అని తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

తర్వాత యంత్రానికి పాఠం చెప్పాలి. ఈ రోజుల్లో యంత్రానికి పిల్లిని గుర్తుపట్టడం నేర్పాలంటే వేల పిల్లుల ఫొటోల్లో పిల్లి చుట్టూ గడి గీసి చూపిస్తారు. మేకు గుర్తుల చుట్టూ గడులు గీయగల కొన్ని వందల మందికి ఆ తీరిక ఎక్కడిది? 2020లో హైడెల్‌బర్గ్‌లో తోబియాస్ డెంకర్ బృందం దీనికి మంచి దారి పట్టింది. పండితులు నూరేళ్లుగా పలకలను చదివి, ఏ పంక్తిలో ఏ గుర్తులు ఏ వరుసలో ఉన్నాయో ప్రచురించి పెట్టారు. ఏ గుర్తు పలక మీద సరిగ్గా ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఫొటోనూ, ఆ పాఠాన్నీ పక్కపక్కన యంత్రానికి ఇచ్చి, ఏది ఎక్కడుందో నువ్వే పోల్చుకో అన్నారు. మొదట తడబడింది. తనకు గట్టిగా తెలిసిన గుర్తులను ఆధారం చేసుకుని మధ్యలోవాటిని పట్టింది, అవి తెలిశాక ఇంకొన్నిటిని. మా అమ్మమ్మ భాగవతం పైకి చదువుతుంటే, పక్కన కూర్చున్న చిన్నపిల్లలు వింటూ పుస్తకం మీద వేలు జరుపుకుంటూ చదువు నేర్చేసుకునేవారు. ఎవరూ ప్రత్యేకించి అక్షరాలు దిద్దించలేదు. ఆ యంత్రం చదువూ అలాంటిదే.

షికాగో కథ వేరు. అందులో కోర్టు కేసు ఉంది. 1933లో ఇరాన్‌లోని పెర్సెపొలిస్ కోటగోడలో వేల కొద్దీ చిన్న పలకలు బయటపడ్డాయి. డేరియస్ చక్రవర్తి కొలువులో, క్రీస్తుపూర్వం 509 నుంచి 493 దాకా, ఎవరికి ఎంత ధాన్యం, ఎంత ద్రాక్షసారా ఇచ్చారో రాసిన లెక్కలు. ముడి వేసిన దారం చుట్టూ మట్టి ముద్ద అదిమి చేసిన పలకలు అవి, దారం కుళ్లిపోయింది గాని దాని కన్నాలు మూలల్లో అలాగే ఉన్నాయి. పనివాళ్లలో బాలింతలకు అదనపు రేషను, మగపిల్లవాడు పుడితే, ఆడపిల్ల పుట్టినప్పుడు ఇచ్చేదానికి రెట్టింపు అని కూడా రాశారు. హిందుష్‌కు, అంటే మన సింధు సీమకు, వెళ్లొచ్చే బాటసారులకు ఇచ్చిన పిండి లెక్కలూ వీటిలో ఉన్నాయి.

చదువుకోవడానికి ఆ పలకలను ఇరాన్ షికాగో విశ్వవిద్యాలయానికి అప్పుగా ఇచ్చింది. రిచర్డ్ హాలక్ అనే పండితుడు దశాబ్దాలు కూర్చుని, 1969లో 2,087 పలకల పాఠాలు అచ్చువేశాడు. ఇంకో రెండు వేలకు పైగా చదివి చేతిరాతలో వదిలి వెళ్లిపోయాడు. ఈ శతాబ్దం మొదట్లో పిడుగు పడింది. 1997 జెరూసలేం బాంబు దాడిలో గాయపడిన అమెరికన్లు ఇరాన్ మీద నష్టపరిహారం గెలుచుకుని, ఆ డబ్బు కింద ఈ పలకలను జప్తు చేయాలని కోర్టుకెళ్లారు. వేలం వేస్తే పలకలు చెల్లాచెదురవుతాయి. షికాగోలో మాథ్యూ స్టోల్పర్ బృందం గడియారంతో పందెం వేసినట్టు వాటి ఫొటోలు తీయడం, ఒక్కో గుర్తుకూ గడి గీసి పేరు రాయడం మొదలుపెట్టింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు జప్తు కుదరదని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది 1,783 పలకలు ఇరాన్‌కు చేరాయి. భయంతో చేసిన ఆ పని వృథా పోలేదు. సుమారు 6 వేల పలకల ఫొటోలు, వాటి మీద లక్షకు పైగా పేరు పెట్టిన గుర్తులు పోగయ్యాయి. వాటితోనే డీప్‌స్క్రైబ్ అనే యంత్రానికి పాఠం చెప్పారు. తొలి పరీక్షల్లో అది నూటికి 80 గుర్తులను సరిగా పోల్చింది.

ఆ యంత్రం చదివేది ఆ పలకల మీది ఎలాం భాష, ప్రాచీన ఇరాన్‌ది. దానికీ మన ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందని డేవిడ్ మెకాల్పిన్ 1970ల నుంచి వాదించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ ఆధారాలను పరిశీలించి ఒప్పుకోలేదు. ఎలాం పాఠాలు ఇంకా బయటికి వస్తే ఆ వాదం మీద మాట్లాడేవాళ్లకు సరుకు పెరుగుతుంది, అందుకైనా తెలుగువాళ్లు ఆ పని మీద ఓ కన్నేసి ఉంచాలని నా కోరిక.

నూటికి 80 అంటే గొప్పా, తక్కువా? భాష తెలియనివాడికి పనికిరాదు, అయిదింటిలో ఒకటి తప్పయితే వాక్యం నిలవదు. భాష తెలిసినవాడికి మాత్రం అది సగం పని తీర్చిన సహాయకుడు. తప్పు ఎక్కడుందో అతని కంటికి ఇట్టే తెలుస్తుంది. 2025లో కార్నెల్, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. గుర్తు పేరు చెప్పడంతో ఆగకుండా, నిఘంటువులోని ఆదర్శ రూపాన్ని తీగ బొమ్మలా తీసుకుని, ఈ రాయసగాడి చేతిరాతకు సరిగ్గా అతికేలా ఒక్కో మేకునూ సాగదీసి, వంచి పరుస్తుంది వాళ్ల పద్ధతి. దాంతో ఒకే గుర్తును ఊరూరా, కాలకాలానికీ ఎలా రాశారో పోల్చి చూడొచ్చు.

నాకు భయం కలిగించే పని ఒకటుంది, చెప్పకపోతే తప్పవుతుంది. పగిలిపోయినచోట ఏముండేదో ఊహించి పూరించే యంత్రాలు కూడా వచ్చాయి. 2020లో ఇజ్రాయెల్ పరిశోధకులు బాబిలోనియా లెక్కల పలకల మీద అలాంటిది చేసి చూపించారు. ఒకే మూసలో రాసే రసీదుల్లో అది బాగానే పనిచేస్తుంది. కావ్యంలో? ఈ రంగంలో ఒక పాత మర్యాద ఉంది. పలక మీద పోయిన భాగాన్ని పండితుడు ఊహించి రాస్తే దాన్ని చదరపు కుండలీకరణాల్లో పెడతాడు. సగం చెరిగిన గుర్తుకు సగం కుండలీకరణం. ఇది నేను చూసింది, ఇది నేను అనుకున్నది అని పాఠకుడికి విడదీసి చూపించడం అది. యంత్రం ఊహ గడగడా వస్తుంది, అచ్చం నిజంలా ఉంటుంది. ఆ కుండలీకరణం ఒక్కటి జారిపోతే, రేపటి యంత్రం నేటి యంత్రం ఊహనే పాఠంగా నేర్చుకుంటుంది. కొత్త పనిముట్టు కట్టేవాళ్లు మొదట ఈ గుర్తునే కాపాడాలి.

ఇక ముక్కలు అతికే పని. జార్జ్ స్మిత్ గుర్తున్నాడు కదా, నోట్ల ముద్రణకు లోహపు పలకలు చెక్కుతూ, తీరిక వేళల్లో మ్యూజియానికి పరిగెత్తిన కుర్రవాడు. అస్సీరియా రాజధాని నినెవె గ్రంథాలయం నుంచి వచ్చిన ముక్కల రాశిలో ఏ ముక్క ఏ పలకదో కంటితో పోల్చేవాడు. 1872లో గిల్గమేష్ కావ్యంలోని జలప్రళయం కథ ఆయన కంట పడింది అలాగే. ఆ నేర్పు ఆయన తలలో ఉండేది, 36 ఏళ్లకే అలెప్పోలో చనిపోతే ఆయనతోనే పోయింది. మ్యూనిక్‌లో ఎన్రికె హిమెనెస్ బృందం 2018 నుంచి ఆ నేర్పును అందరికీ పనికొచ్చేలా ఒకచోట పెడుతోంది. ఫ్రాగ్మెంటేరియం అని దాని పేరు. వేల ముక్కల ఫొటోలు, వాటి మీది గుర్తుల వరుసలు అందులో ఉన్నాయి. ఒక ముక్కలోని అయిదారు గుర్తుల వరుస ఇంకెక్కడైనా వస్తుందేమో అని యంత్రం క్షణాల్లో గాలిస్తుంది. 2022 నవంబరులో అది ఒక ముక్కను పట్టింది. క్రీస్తుపూర్వం 130లో రాసిన గిల్గమేష్ ప్రతిలోది ఆ ముక్క. ఆ కావ్యానికి దొరికినవాటిలో అన్నిటికంటే చివరి ప్రతి అదే. మన దగ్గర శాతవాహనుల కాలంలో బాబిలోనులో ఎవరో ఇంకా గిల్గమేష్‌ను నకలు రాసుకుంటూ కూర్చున్నారన్నమాట.

అన్నిటికంటే నా మనసుకు హత్తుకున్నది 2025 నాటిది. 1986లో బాగ్దాదు విశ్వవిద్యాలయం వాళ్లు ఇరాక్‌లోని ప్రాచీన నగరం సిప్పర్‌లో తవ్వుతుంటే ఒక గ్రంథాలయం దొరికింది. పలకలు గోడ గూళ్లలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, మన పాత ఇళ్లలో దీపాల గూళ్లలాంటివే. ఆ పలకల్లో బాబిలోను నగరాన్ని పొగిడే పాట ఒకటి ఉంది. బాగ్దాదులో అన్మార్ ఫాదిల్, మ్యూనిక్‌లో హిమెనెస్ కలిసి దాన్ని చదివారు. ఆ గుర్తుల వరుసలను యంత్రానికి ఇస్తే, ఇదే పాటకు చెందిన మరో 30 ప్రతుల ముక్కలను అది ఏరి ఇచ్చింది. చేత్తో వెతికితే దశాబ్దాలు పట్టే పని అని హిమెనెసే అన్నారు. ముక్కలు కలిపితే 250 పంక్తుల పాట. యూఫ్రటీసు నీళ్లు పారి పచ్చిక తడవడం, బార్లీ మొలకెత్తడం, పరదేశులను నగరవాసులు ఆదరించడం, గుడిలో సేవ చేసే స్త్రీల గుణగణాలు, అన్నీ అందులో ఉన్నాయి. అన్ని ప్రతులు ఎందుకున్నాయంటే, బడిపిల్లలు దాన్ని ఎత్తిరాసేవారు. మనం శతక పద్యాలు పలక మీద ఎత్తిరాసినట్టు.

వెలుగు ఎటు తిప్పినా చదవలేని పలకలు మాత్రం ఇంకా ఉన్నాయి. టర్కీలోని కుల్‌తెపె దగ్గర అస్సీరియా వర్తకుల ఉత్తరాలు వేల కొద్దీ దొరికాయి. వాళ్లు ఉత్తరం పలకను ఇంకో పల్చటి మట్టి పొరలో చుట్టి, పైన ముద్ర వేసి పంపేవారు, మన కవరు లాగే. కొన్ని కవర్లను ఎవరూ విప్పలేదు, ఇప్పుడు విప్పాలంటే పగలగొట్టాలి. లోపలికి వెలుగు పోదు. ఎక్స్‌రేలతో వాటి లోపలికి తొంగిచూసిన సంగతి, ఆ యంత్రాన్ని ప్యారిస్‌కూ అంకారాకూ మోసుకెళ్లినవాళ్ల సంగతి వచ్చే వారం.

(సశేషం)